పసుపు లైటు

శుక్రవారం మధ్యాహ్నం ఆస్పత్రిలో హూటర్ మోగింది.

నందిగామ బస్టాండు వెనక సందులో కొత్తగా కట్టిన కాన్పుల ఆస్పత్రి అది. రెండువేల ఆరులో మాట. నడవగలిగిన వాళ్ళంతా సెలైన్ సీసాలు చేత్తో పట్టుకుని రోడ్డు మీదికి వచ్చేశారు.

తీరా చూస్తే మంటా లేదు, మసీ లేదు. డాక్టరు భవానీప్రసాద్ తల్లి భారతీదేవిగారు, శుక్రవారం కదా అని, పసిపిల్లల గదిలో సాంబ్రాణి పొగ వేశారు. ఆ పొగకే, మంటలొస్తే హెచ్చరించే మెషిన్ మొత్తుకుంది.

తల్లిని పల్లెత్తు మాట అనలేడు డాక్టరు. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, రిసెప్షన్‌లో కూర్చునే ప్రేమకుమారి మీద పడ్డాడు.

"ఇంకొక్కసారి ఉత్తినే మోగిందంటే, మర్నాటినుంచి నువ్వు రానక్కర్లేదు."

ప్రేమకుమారి తలూపింది. ఆమె ఇంటికి ఆ ఉద్యోగమొక్కటే దిక్కు.

సాయంత్రానికి విజయవాడ నుంచి మెకానిక్ వీరేంద్ర వచ్చాడు. ఆమె కుర్చీ వెనక గోడకున్న ఎర్ర పెట్టె తెరిచి చూపించాడు.

"పొగ వేసేముందు రెండో అంతస్తు బటన్ నొక్కండి మేడమ్. పసుపు లైటు వెలుగుద్ది. ఇక మోగదు. పొగ పోయాక మళ్ళీ నొక్కి లైటు ఆర్పేయండి."

"ఆర్పడం మర్చిపోతే?"

"పైన నిజంగా అంటుకున్నా మోగదు."

పైన ఉండేది అప్పుడే పుట్టిన పిల్లలు. ఆ రోజునుంచీ శుక్రవారం వస్తోందంటే ప్రేమకుమారికి భయం పట్టుకునేది. మోగితే ఉద్యోగం పోతుంది. మోగాల్సినప్పుడు మోగకపోతే? ఆ పైన ఆలోచించడానికి ధైర్యం చాలేది కాదు.

తర్వాతి శుక్రవారమే ఆ పెద్దాయన వచ్చాడు. నలిగిన చొక్కా, కుడిచేతికి చుట్టుకున్న తువ్వాలు. సరిగ్గా ఎర్ర పెట్టెకి ఎదురు బెంచీ మీద కూర్చున్నాడు.

"మీ పేషెంటు ఎవరండీ?"

"ఎవరూ లేరమ్మా. నా పేరు శాంతయ్య. జగ్గయ్యపేట బస్సు వచ్చేదాకా కాసేపు కూర్చుంటా."

జగ్గయ్యపేట బస్సులు గంటకి నాలుగు పోతాయి. ఆయన ఒక్కటీ ఎక్కలేదు. ప్రతి శుక్రవారం రావడం, ఆ పెట్టెకేసి చూస్తూ కూర్చోవడం. పనీపాటా లేని మనిషి అనుకుంది.

"పొగ పోయినట్టుందమ్మా," అనేవాడు ఉండుండి.

"నాకు తెలుసులెండి," అనేది విసుగ్గా.

ఒంటిగంటకి వెనక గదిలో అన్నం తింటుంటే ఆమెకి లైటు గుర్తొచ్చేది. చేతిలో ముద్ద కంచంలో పడేసేది. పరుగున వచ్చి చూస్తే లైటు ఆరిపోయి ఉండేది.

'నేనే ఆర్పి ఉంటాలే, చెయ్యి అలవాటుపడింది,' అని తనకి తనే ధైర్యం చెప్పుకునేది.

తొమ్మిది శుక్రవారాలు అలా గడిచాయి.

పదో శుక్రవారం మంచినీళ్ళ సీసా మర్చిపోయి, తినేది ఆపి తిరిగొచ్చింది. శాంతయ్య ఎర్ర పెట్టె ముందు నిలబడి ఉన్నాడు. తువ్వాలు తీసిన కుడిచెయ్యి బటన్ మీద ఉంది. ఆ చేతి వేళ్ళు ఎప్పుడో కాలి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏం చేస్తున్నారండీ?"

"లైటు ఆర్పా తల్లీ. నువ్వు అన్నానికి వెళ్ళావుగా."

"మిమ్మల్నెవరు ముట్టుకోమన్నారు? అది మోగితే నా ఉద్యోగం పోద్ది."

"ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుద్దమ్మా."

ఆ మాటకి ఆమెకి ఒళ్ళు మండింది. వాచ్‌మన్ బుల్లిబాబుని కేకేసింది. అతను పెద్దాయన్ని భుజం పట్టుకుని రోడ్డు దాకా నడిపించాడు.

గేటు దగ్గర శాంతయ్య వెనక్కి తిరిగాడు.

"వచ్చే శుక్రవారం మర్చిపోకమ్మా."

ఆమె మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వచ్చే శుక్రవారం మర్చిపోయింది.

ఆవేళ ఓపీ నిండా జనం. నాలుగింటికి ఆయా రాఘవమ్మ దగ్గుతూ మెట్లు దిగింది. రెండు చేతుల్లో ఇద్దరు పసికందులు.

"పైన పొగమ్మా. ప్లగ్గు దగ్గర అంటుకుంది. ఇంకా ముగ్గురున్నారు."

ప్రేమకుమారి వెనక్కి చూసింది. హూటర్ ఉలకలేదు, పలకలేదు. పసుపు లైటు నిమ్మళంగా వెలుగుతోంది.

మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలీదు. ఐదుగురినీ కిందికి తెచ్చారు. నలుగురు ఏడుస్తున్నారు. ఐదో బిడ్డ ఏడవడం లేదు. డాక్టరు ఆ బిడ్డ వీపు రుద్దుతూనే ఉన్నాడు. ప్రేమకుమారి తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుంది.

ఆ బిడ్డ తుమ్మి, ఏడ్చింది.

ప్రేమకుమారి మెట్ల మీద కూలబడి తనూ ఏడ్చింది. ఉద్యోగం మాట అప్పుడు డాక్టరుకీ గుర్తులేదు, ఆమెకీ గుర్తులేదు.

మర్నాడు వీరేంద్ర వచ్చాడు. ఎప్పుడు ఏ బటన్ నొక్కారో ఆ మెషిన్ రాసిపెట్టుకుంటుంది. చిన్న తెర మీద అవన్నీ తిప్పి చూశాడు.

"నిన్నొక్కరోజే తప్పింది మేడమ్. అంతకుముందు పది శుక్రవారాలూ సరిగ్గా ఒంటిగంటా పదికి ఆర్పేశారు."

ఒంటిగంటా పదికి ఆమె ఎప్పుడూ అన్నం ముందే ఉంటుంది.

"నేను కాదండీ," అంది మెల్లిగా. "ఒక్కసారి కూడా నేను కాదు. ఒక పెద్దాయన..."

వీరేంద్ర చేతిలో పని ఆపాడు.

"కుడిచెయ్యి కాలినాయనా?"

"మీకు తెలుసా? ఎక్కడుంటారో చెప్పండి. వెళ్ళి కాళ్ళు పట్టుకుంటా."

"ఆయనకో చోటంటూ లేదు మేడమ్. ఈ మెషిన్లు ఎక్కడ పెడితే అక్కడికి వెతుక్కుంటూ పోతాడు. వెళ్ళగొట్టిన గుమ్మం మాత్రం మళ్ళీ తొక్కడు."

ఆమె ఎదురుగా ఉన్న ఖాళీ బెంచీకేసి చూసింది.

"మంటల్లో ఆయన బిడ్డలెవరైనా పోయారా?"

వీరేంద్ర తల అడ్డంగా ఊపాడు.

"ఆయన బిడ్డలు కాదు మేడమ్. పట్నంలో ఓ ఆస్పత్రిలో పసిపిల్లల గది కాలిపోయిన రోజు, ఇదిగో, ఇలాంటి కుర్చీలోనే కూర్చుని పసుపు లైటు ఆర్పడం మర్చిపోయింది ఆయనే."