ముందు చెయ్యి చాపేవాడు

“యుద్ధం గెలిచిన దేశానికి జెండా ఎగరేసుకోవడానికి ఒక్క రోజు దొరుకుతుంది. శాంతి దక్కిన దేశానికి పంట కోసుకోవడానికి, పిల్లల్ని బడికి పంపుకోవడానికి ఏళ్ళకేళ్ళు దొరుకుతాయి. వ్యాసం ఇలా మొదలెట్టండి!”

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో సత్యనారాయణ గొంతు చించుకుని చెప్పాడు. మైకు చెడిపోయి వారం దాటింది మరి.

వెనక బెంచీలోంచి దుర్గేష్ లేచాడు. “గది సరే సార్. సంధి కావాలంటే ఎవరో ఒకరు ముందుగాల చెయ్యి చాపాలె గదా? చాపినోడు ఓడినట్టే గదా?”

“కానే కాదు! బలమున్నవాడే ముందు చెయ్యి చాపుతాడు.”

క్లాసంతా చప్పట్లు. సత్యనారాయణకి మాత్రం ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. ఎందుకంటే, ఇంట్లో అతనే ఒక యుద్ధం నడుపుతున్నాడు.

కారణం చాలా గొప్పది. కిందటి ఆదివారం పక్క ఫ్లాటు ఫఖ్రున్నీసా దగ్గర అతని భార్య దుర్గాంబ నవ్వుతూ, “మా ఆయనకి మాట్లాడ్డం తప్ప ఇంకేం రాదు ఆపా” అనేసింది. సరే, మాట్లాడకపోతే ఎలా ఉంటుందో చూపిస్తానని మర్నాటి నుంచి సత్యనారాయణ నోరు కట్టేసుకున్నాడు. బయట ప్రపంచశాంతి మీద పాఠాలు చెప్పే మనిషి, ఇంట్లో ఉప్పు డబ్బా వైపు వేలు చూపిస్తూ బతికాడు.

దుర్గాంబ తక్కువదా? ఎదురుదాడికి దిగింది. తనూ మాటలు తగ్గించేసింది. ఫ్రిజ్‌లో చల్లనీళ్ళ సీసాలు మాయం చేసింది, పెరుగు ఆపేసింది. ఆర్థిక ఆంక్షలన్నమాట! పూటపూటా కళ్ళలో నీళ్ళు తిరిగేంత ఘాటుగా మిరియాల చారు పోసింది. పైగా కూటమి కూడా కట్టింది. లిఫ్టులో రోజూ కబుర్లాడే ఫఖ్రున్నీసా భర్త మొహియుద్దీన్, మొన్న ఇతను నోరు తెరవబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

“మీరేం మాట్లాడకుండ్రి సార్. జర ఆరామ్‌గ ఉండుండ్రి.”

అది బెదిరింపు కాక ఇంకేమిటి?

నిజం చెప్పాలంటే సత్యనారాయణకి ఈ యుద్ధం ఎప్పుడో మొహం మొత్తింది. సాయంత్రం కాఫీ తాగుతూ దుర్గాంబ చెప్పే అపార్టుమెంటు కబుర్లు లేక ఇల్లు బావురుమంటోంది. ఇలాగే అలవాటైపోయి, ఒకే కప్పు కింద ఇద్దరు పరాయివాళ్ళలా మిగిలిపోతామేమోనని నిజంగానే భయమేసింది.

ఆ సాయంత్రం పంజాగుట్ట చౌరస్తాలో దిగి, ఆమెకిష్టమైన సీతాఫలం ఐస్‌క్రీం డబ్బా కొన్నాడు. “ఇరుపక్షాల గౌరవానికీ భంగం కలగకుండా...” అంటూ దారంతా ప్రసంగం బట్టీ పట్టాడు. తలుపు తీసిన దుర్గాంబని చూడగానే అదంతా ఎగిరిపోయింది.

“దుర్గా, రా... ఇద్దరం కలిసి తిందాం” అన్నాడు, డబ్బా పట్టుకున్న చెయ్యి ముందుకు చాపి.

ఆమె కళ్ళు పెద్దవి చేసి చూసింది. డబ్బా లాక్కుని, గబగబా వెళ్ళి ఫ్రీజర్లో పడేసి, ఫ్రిజ్ తలుపు ధడాల్న వేసేసింది.

సత్యనారాయణ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సంధి కుదరలేదు.

దుర్గాంబ వెనక్కి తిరిగింది. ఆమె మొహం వెలిగిపోతోంది.

“హమ్మయ్య, గొంతొచ్చిందా అండీ!”