దిక్సూచి కింద మూట

మలక్కా జలసంధిలో, జోరు వానలో, సరుకుల ఓడ ఒకటి గోడలా ఎదురొచ్చింది. సిద్ధు చుక్కాని బలంగా గుంజి, తమ చిన్న తెరచాప పడవను ఆఖరి క్షణంలో పక్కకు తప్పించాడు.

"ఓడల దారిలకు ఎట్లొచ్చినం?" అంది రేవతి.

"దిక్సూచి తప్పు చూపింది. తప్పు నాదే." అతను భార్య ముఖంలోకి చూడలేదు. "పడవ నడపనీకె పనికిరాను నేను. ఒడ్డుకు పోంగనే అమ్మేస్త."

"అమ్మి గోదావరిఖనిల ఆటో నడుపుతవా?"

అతను నవ్వలేదు. ఈ పడవ తప్ప అతనికి వేరే కల లేదని ఆమెకు తెలుసు.

దిక్సూచి ఎందుకు తప్పిందో కూడా తెలుసు. బయల్దేరేటప్పుడు అవ్వ, అంటే రేవతి తల్లి, ఆమె చేతిలో గుర్రపు నాడా పెట్టి, "ఇనుము దగ్గరుంటే ఏ కీడూ సోకది బిడ్డా. అల్లునికి చెప్పకు, నవ్వుతడు" అంది. నిన్న ఓడల రద్దీ మొదలవగానే భయమేసి, రేవతి దాన్ని సిద్ధు కూర్చునే చోట, దిక్సూచి కింది అరలో మూటకట్టి దాచింది. ఇనుము ముల్లును లాగుతుందని తెలియక కాదు. అంత చిన్న ముక్క ఏం చేస్తుందిలే అనుకుంది.

"తప్పు నాది సిద్ధూ," అంటూ అరలో చెయ్యి పెట్టింది.

"ఆగు! అండ్ల చెయ్యి పెట్టకు!"

ఆమె చేతికి రెండు మూటలు తగిలాయి. తనది కాని రెండోది విప్పింది. అత్త పాత చీర ముక్కలో ఇనుప నాగలి కర్రు.

"నీకు చెప్పద్దన్నది మా అవ్వ," అన్నాడు సిద్ధు. "నవ్వుతవని."