చేతులు చూసే పని

ఛీ! చేతి తొడుగులు తీసి జేబులో కుక్కుకున్నాడు. ఇడ్లీ తిన్నాడు. మళ్లీ అవే తొడుక్కున్నాడు!

ఆశాజ్యోతి కళ్లు అతని చేతుల మీదే ఉన్నాయి. అతను దుర్గారావు, వార్డులో డ్రెస్సింగులు చేసేవాడు. ఆ చేతులతోనే చెవి గోక్కున్నాడు, ఫోన్ నొక్కాడు, ఒకరి చీము తుడిచాడు. సబ్బు మాత్రం ముట్టలేదు.

గోపాలపట్నంలోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో, ఆపరేషన్ అయినవాళ్లకి ఒక క్రిమి అంటుకుంటోంది. ఇంటి నుంచి తెచ్చుకున్నది కాదు, ఇక్కడ పట్టుకున్నదే. నెలనెలా ఒక్కో యాంటీబయాటిక్ దాని ముందు చేతులెత్తేస్తోంది. అది ఎవరి చేతుల మీద తిరుగుతోందో తేల్చాలి. ఆశాజ్యోతి కింద ల్యాబులో ఉద్యోగి. పై వార్డు సిబ్బందిలో ఆమె ముఖం ఎవరికీ తెలియదు. అందుకే ల్యాబు పెద్ద డాక్టర్ ఉమాశంకర్ ఆమెను పంపాడు.

“ఏదో ఒక పడక పక్కన కూర్చో. అడిగితే కూతుర్నని చెప్పు. నోరు విప్పావో, అందరూ బుద్ధిమంతులైపోతారు. ఇక మనకి నిజం దొరకదు.”

ఆమె గురునాథరావు పడక ఎంచుకుంది. హెర్నియా కోత మానుతోంది. రేపో మాపో ఇంటికి పంపేస్తారు.

ఎదురు పడక మనిషికి ఆ క్రిమి పట్టి ఉంది. దుర్గారావు అతని పుండు కడిగి, అవే తొడుగులతో ఇటు తిరిగాడు.

“ఏటి బాబూ, అయి మార్సవా?” అన్నాడు గురునాథరావు.

“కొత్తయే తాతా!” అని దుర్గారావు ఆశాజ్యోతి వైపు తిరిగాడు. “మీ నాన్నకి అనుమానం ఎక్కువమ్మా.”

“నువ్వయినా సెప్పమ్మా,” అన్నాడు ముసలాయన, ఆశాజ్యోతి చెయ్యి పట్టుకుని.

ఆమె నోరు తెరిచింది. ఈ ఒక్కపూట ఓర్చుకుంటే దొంగ దొరికినట్టే. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుంది.

“ఏటీ కాదు నాన్నా. పడుకో.”

దుర్గారావు కోత మీద కట్టు విప్పాడు. ఆమె తల తిప్పుకోలేదు. చూడ్డమే కదా పని! తన మీద తనకే రోత పుట్టింది.

రెండ్రోజులకే గురునాథరావుకి చలిజ్వరం. కోతలో చీము పట్టింది. దాన్ని ల్యాబుకి పంపారు.

రిపోర్టు రాగానే ఉమాశంకర్ ఆమెను పిలిచాడు. అతని ముఖం వెలిగిపోతోంది. ఎద్దు పుండు కాకికి ముద్దు.

“అదే క్రిమి! మన కళ్లెదుటే అంటుకుంది. ఇంతకన్నా రుజువేం కావాలి? ఇప్పుడు దీనికి ఏ మందూ పనిచెయ్యదు. పాపం పెద్దాయన... వాళ్లవాళ్లెవరైనా ఉంటే పిలిపించు, చెప్పేద్దాం.”

“ఎవర్నీ పిలవక్కర్లేదు సార్,” అంది ఆశాజ్యోతి, “నాను నిజంగానే ఆయన కూతుర్ని.”