ఎదుటి బెర్తు కుర్రాడి ఫోను

బెజవాడ దాటాక రైలుపెట్టెలో దీపాలన్నీ ఆర్పేశారు. జ్వరంతో ఉన్న కూతురిని అప్పుడే నిద్రపుచ్చిన పద్మశ్రీకి, ఎదుటి బెర్తు కుర్రాడు ఫోనులో గట్టిగా మాట్లాడుతుంటే ఒళ్లు మండింది.

"కాస్త ఆపు బాబూ, పిల్ల లేస్తుంది."

"మా అమ్మండీ. చీకటంటే భయం. నా గొంతు వినపడకపోతే ఏడుస్తుందండీ," అన్నాడతను.

"ఇలా ఇవ్వు, ఆవిడకి నేను చెబుతా," అంటూ ఆమె చేయి చాచి ఫోను తీసుకుంది. అది మరీ తేలిగ్గా ఉంది. తిప్పి వేళ్లతో తడిమి చూసింది. వెనక మూత లేదు, బ్యాటరీ లేదు.

తిరిగి ఇచ్చేయబోతుంటే లోపల్నుంచి ముసలి గొంతు సన్నగా వినిపించింది. "ఆగిపోయావేం నాన్నా? ఇక్కడేమీ కనపడట్లేదురా."

పద్మశ్రీ కూతురిని దగ్గరకు పొదువుకుని, రెండో చేత్తో ఫోను అతని అరచేతిలో పెట్టింది.

"మాట్లాడు బాబూ," అంది. "గట్టిగానే మాట్లాడు."