ఊగే స్వరం

"మళ్ళీ ఊగింది! ఏం వదిలేశావే అందులో?" కీబోర్డు ముందు నుంచే కేకేశాడు నాన్న.

కూతురు కంప్యూటర్ మీదికి వంగింది. "చూస్తున్నా నాన్నా."

పాట చివర ఒకే ఒక్క స్వరం. ఎడమచేత్తో కీబోర్డు అంచునున్న చక్రాన్ని మెల్లగా నెడుతుంటే అది గీత గీసినట్టు పైకి పోవాలి. ఐదింటికి సంగీత దర్శకుడు వింటాడు. కుదరకపోతే ఇంకో ప్లేయర్ని పిలుస్తానని పొద్దున్నే చెప్పేశాడు. ముప్ఫై ఏళ్ళుగా వాయిస్తున్న నాన్నకి తల కొట్టేసినట్టయింది.

వాళ్ళ సింథసైజర్ కంప్యూటర్లో నడిచే సాఫ్ట్‌వేర్. స్వరాన్ని కదిలించేవి అందులో బోలెడు. దేన్ని దేనికి కలిపారో ఒక జాబితాలో కనిపిస్తుంది. ఎల్ఎఫ్ఓ అనేది ఒక మెల్లటి అల, దానంతటది వినబడదు. శ్రుతికి కలిపితే స్వరాన్ని ఊపుతుంది, ఫిల్టర్‌కి కలిపితే స్వరం గొంతు నొక్కి వదులుతుంది. చేతికింది చక్రాన్నీ అలాగే శ్రుతికి కలుపుకోవాలి, లేదంటే స్క్రీన్ మీద మౌస్‌తోనే శ్రుతిని జరపాలి. అక్కర్లేని కనెక్షన్ ఒక్కటి మిగిలినా కొంప మునిగినట్టే.

నాన్న చక్రం నెట్టాడు. స్వరం సగం దాకా ఎక్కి ఊగింది.

"మొదటి ఎల్ఎఫ్ఓ శ్రుతికి కలిసుంది. తీసేశా," అంది కూతురు.

మళ్ళీ నెట్టాడు. మళ్ళీ ఊగింది.

"ఇంకోటుంది నాన్నా, ఫిల్టర్‌కి. అదీ తీసేశా."

"బుద్ధుందా నీకు? ముందే చూసుకోవద్దూ!" నాన్న లేచాడు, రెండడుగులు వేశాడు, మళ్ళీ కూలబడ్డాడు. "నా పరువు తీసేలా ఉన్నావు!"

"నాదే తప్పు నాన్నా." కూతురికి ఏడుపొచ్చినంత పనైంది.

దర్శకుడు తలుపు తోసుకుని వచ్చాడు. "ఏమైంది, ఇంకా అవలేదా?"

"ఒక్క నిమిషం సార్, నా పొరపాటే. ఇంకొక్కటి తీసేస్తే అయిపోతుంది." చటుక్కున ఏదో నొక్కింది. "ఇప్పుడు వాయించు నాన్నా."

నాన్న కళ్ళు మూసుకుని చక్రం మీద చెయ్యి వేశాడు. కూతురు ఊపిరి బిగబట్టి, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా, మౌస్‌ని కొంచెం కొంచెంగా పైకి జరిపింది. స్వరం ఎక్కడా తొణక్కుండా పైదాకా వెళ్ళి ఆగింది.

"శభాష్! ఇదే నాక్కావాల్సింది," అన్నాడు దర్శకుడు. "ఇక వేరేవాళ్ళెందుకు?"

నాన్న పొంగిపోయాడు. "తప్పు మిషన్లో పెట్టుకుని నా చేతిని అనుమానిస్తే ఎలా సార్?"

ఆ పూటంతా జాబితాలో ఉన్నది ఒకే ఒక్క కనెక్షన్, నాన్న చేతికింది చక్రానిది. దర్శకుడి ముందు కూతురు తీసేసింది దాన్నే.