మూడో ముద్ద

“ఏంది అక్కా, మూడో ముద్దకి ఇంతసేపా?” అంది ఆ ఊరి ఇర్మె, ఆమె చేతుల వైపే చూస్తూ.

కల్యాణి కుడిచేత్తో గోధుమపిండి పిసుకుతోంది. ఎడమచేయి కొంగు కింద తడుముకుంటోంది. చింతగింజ చుట్టూ పిండి అదిమింది, నొక్కి చూసింది, చాలక పొడిపిండి అద్ది మళ్లీ అదిమింది.

ఆవపల్లి ఆరోగ్య ఉపకేంద్రంలో ఆమె నర్సు. కిరందుల్ ఇనుప గనిలో పనిచేసే భర్త రాజేశ్వరరావు చనిపోయాక టౌన్‌షిప్‌లో క్వార్టర్ ఖాళీ చేసి, ఈ ఊరు అడిగి మరీ వేయించుకుంది. కేంద్రం వెనకే గది. సాయంత్రం తలుపు వేస్తే మళ్లీ పొద్దున్నే మనిషితో మాట.

సంతకు వచ్చిన ఆడవాళ్లు అరుగు మీద కూర్చున్నారు. ముద్దలు చేతులు మారాయి.

“మొదటిది మామూలు రొమ్ము,” అంది కల్యాణి. “రెండోదాంట్లో గడ్డ వేలి కింద జారుతుంది. చాలావరకు భయం లేదు, అయినా చూపించుకోవాలి. మూడోది కదలదు. మొదట్లో నొప్పి కూడా ఉండదు. అది తగిలితే ఒక్కరోజు కూడా ఆగకూడదు.”

“గట్టిగుంటే ఏమైతది?” అంది సోమి.

“చుట్టూ మెత్తగా ఉంటే క్యాన్సర్ కణం కుదురుగా ఉంటుంది. చుట్టూ బిగుసుకుంటే దానికి తెలుస్తుంది. పట్టు దొరుకుతుంది, ఒళ్లంతా నడక మొదలెడుతుంది. బురదలో అడుగు పడదు కదా, అదే రోడ్డు మీదైతే?”

“రోడ్డు పడ్డంకనే నా మొగుడు బీజాపూర్ టౌనుకు మరిగిండు,” అంది సోమి. అందరూ నవ్వారు.

ఇర్మె నవ్వలేదు. మూడో ముద్ద ఒళ్లో పెట్టుకుని నొక్కుతూనే ఉంది. అందరూ వెళ్లాక నోరు విప్పింది.

“జగదల్‌పూర్ పెద్దాస్పత్రికి పోవాలె అక్కా. తోడు రా.”

కల్యాణి ముద్దలు సర్దడం ఆపింది. “గడ్డ తగిలిందా? లోపలికి రా, చూస్తాను.”

“ఈడొద్దు. ఆడ డాక్టరమ్మ చూస్తది.”

“సరే, వచ్చే వారం సంత అయిపోనీ...”

“ఒక్కరోజు కూడా ఆగొద్దంటివి?”

కల్యాణి తల దించుకుంది. “రేపే వెళ్దాం.”

గీదంలో బస్సు మారారు. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా కల్యాణి సంచిని ఎడమవైపు అడ్డం పెట్టుకుంది. ఇర్మె లేచి ఆ పక్కకు వచ్చి కూర్చుంది.

“ఇంట్లో చెప్పావా?” అంది కల్యాణి.

“నువ్వైతే ఎవరికి చెప్తవ్ అక్కా?”

కల్యాణి కిటికీ వైపు తిరిగింది. “నాకెవరున్నారు చెప్పడానికి?” ఇటు తిరిగి ఇర్మె చేయి పట్టుకుంది. “భయమేస్తోందా?”

“శాన.”

“ఆపరేషన్ అన్నా, మందులెక్కించాలన్నా పక్కనే ఉంటాను.”

“మధ్యలో లేచిపోవద్దు. ఇద్దరిలో ఎవరమైనా. ఒట్టా?”

“ఒట్టు.”

ఆస్పత్రిలో వరస కదిలింది. కిటికీ వెనక చీటీలు రాసే మనిషి తల ఎత్తలేదు.

“పేషెంట్ కా నామ్?”

“నీ పేరు చెప్పు,” అని కల్యాణి ఇర్మె భుజం తట్టింది. ఇర్మె ఆమె చేతిని వదలకుండా కిటికీ దగ్గరికి వంగింది.

“కల్యాణి,” అంది.