ఆడోళ్ళ వైపు

బెల్లంపల్లిలో డేరా వేసిన టూరింగ్ టాకీసుకు దయ్యం సినిమా రెండో భాగం వచ్చింది. మొదటిది చూసి జనం జ్వరాలు తెచ్చుకున్నారు. ఇది దానికి సరితూగకపోతే పరువు పోతుందని యజమాని రామచంద్రం దిగులు. పైగా ఆ సాయంత్రం జోరున వాన.

తెరమీద దయ్యం బావిగట్టున కూర్చుని జడ విప్పుకుంటోంది. డేరాలో జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. అంతలో తడకకు అవతల, ఆడవాళ్ళు కూర్చునే వైపు నుంచి కెవ్వుమని కేక లేచింది.

రామచంద్రం సంబరంగా మిషను గదిలోకి ఉరికొచ్చాడు.

“ఇన్నవా పర్శరాములూ! మొదటిదానికి జర గూడ తీసిపోలే!”

మిషను నడిపే పర్శరాములు మొహం పాలిపోయింది.

“ఆడోళ్ళు ఒక్కరు గూడ రాలే గద సేఠ్! గా దిక్కు గేటుకు మీరే తాళం ఏయించిండ్రు.”

ఇద్దరూ కంతలోంచి తొంగి చూశారు. తెర వెలుగులో తడకకు అవతల ఒట్టి ఇసుకే కనబడింది. మగవాళ్ళ తలలు ఒక్కొక్కటే అటు తిరుగుతున్నాయి. రామచంద్రం పర్శరాములు భుజం గట్టిగా పట్టుకున్నాడు.

ఆ ఇసుక మీద నుంచి ఎవరో మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు అన్నారు.

“ఏడ్వకు బిడ్డా. గది ఉత్త సినిమానే.”